తాలు ఏరే పద్ధతి

నా పేరు లిడియా. ముప్పై నాలుగేళ్లు మిషన్ స్కూల్లో పిల్లలకి చదువు చెప్పి రిటైరయ్యాను. నా చేతి కింద చదివినవాళ్లలో ఇద్దరు ఎస్సైలు, ఒక నర్సు, కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసే గుమస్తాలు చాలామంది ఉన్నారు. సత్తెనపల్లి బస్టాండులో నన్ను చూడగానే సిగరెట్టు వీపు వెనక దాచేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. రిటైరై రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో నా ఎదుట ఎవరూ చేతులు కట్టుకుని నిలబడలేదు.

అలాంటి రోజుల్లో, జనవరి నెలాఖరున, భవ్య మా ఇంటికి వచ్చింది.

భవ్య మా ఊళ్లో రైతు నాగేంద్రబాబు గారి భార్య. వాళ్లకి పదెకరాల మిర్చి, నాలుగెకరాల పత్తి. భవ్య బీఎస్సీ లెక్కలు చదివింది. ఆ సంగతి పెళ్లి శుభలేఖలో అచ్చు వేయించారు గానీ ఆ తర్వాత దాంతో ఎవరికీ పని పడలేదు. రెండేళ్ల క్రితం ఆవిడ కూతురు మోక్షితను మూడో తరగతి మధ్యలో బడి మాన్పించి, ఇంట్లో తనే చదువు చెప్పడం మొదలుపెట్టింది. ఊరంతా చెవులు కొరుక్కుంది. అందులో నేనూ ఉన్నాను. ఇంట్లో చదువంటే అమ్మవారు పోసినప్పుడు చదివే చదువని నా అభిప్రాయం.

మాన్పించడానికి కారణం లేకపోలేదు. స్కూలు వ్యాను పొద్దున ఆరూ నలభైకి వచ్చి హారన్ కొట్టేది. హారన్ వినగానే పిల్ల వాంతి చేసుకునేది. ఏడాది పాటు అదే వరస. బడిలో నోరు విప్పేది కాదు. కడుపులో ఏమీ లేదని డాక్టరు అన్నాడు. పిల్ల వెనకబడిందని స్కూలువాళ్లు అన్నారు. ఒకరోజు భవ్య వ్యానును ఖాళీగా వెనక్కి పంపేసింది.

“టీచర్‌గారూ, మా పాపకి పరీక్ష రాయడం నేర్పాలండీ,” అంది భవ్య.

“చదువు నేర్పాలా, పరీక్ష రాయడం నేర్పాలా?”

“చదువు వచ్చండీ. పరీక్షే రాదు.”

ఈ మాట చెప్పే తల్లులు నాకు కొత్త కాదు. ఏటా పదిమంది చెప్పేవాళ్లు. సరే, కూర్చోమన్నాను.

సంగతేమిటంటే, నాగేంద్రబాబు గారికి ఓపిక అయిపోయింది. గుంటూరులో హాస్టలు ఉన్న ఒక ప్రైవేటు స్కూలు, సత్తెనపల్లి బ్రాంచిలో మార్చి చివరి ఆదివారం ప్రవేశ పరీక్ష పెడుతోంది. అరవై ప్రశ్నలు. ఒక్కోదానికి నాలుగు జవాబులు, అందులో ఒకటి సరైనది. అరవైకి నలభై వస్తే పిల్ల ఇంట్లోనే చదువుకోవచ్చు. తగ్గితే జూన్‌లో హాస్టలుకి పెట్టె సర్దాలి. భార్యాభర్తల మధ్య కుదిరిన ఒప్పందం ఇది.

“నలభై కూడా రాని పిల్లని హాస్టలుకి పంపడమే మంచిది,” అన్నాను.

“వస్తే ఇంట్లో ఉంచడం మంచిదేనాండీ?”

“వచ్చినప్పుడు చూద్దాం.”

ఆవిడ కళ్లు ఒత్తుకుంది. ఏడ్చేవాళ్లను చూస్తే నాకు విసుగు. అయితే ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని టీవీలో వంటలు చూడటం అంతకన్నా విసుగు. సోమవారం నుంచి వస్తానన్నాను.

మొదటి వారం నాకు కాఫీ పేపరు గ్లాసులో వచ్చింది. మూడో వారానికి స్టీలు గ్లాసులో వచ్చింది. ఎవరు మార్చారో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

నాగేంద్రబాబు గారు చెడ్డమనిషి కాదు. మొదటిరోజే నా దగ్గరికి వచ్చి తన బాధ చెప్పుకున్నాడు.

“నాకు పిల్లంటే పేమ లేక కాదు మేడమ్. మిర్చి యార్డుకెళ్తే ఎవడో ఒకడు మీ అమ్మాయి ఏం చదువుతుందంటాడు. ఇంట్లో ఉందంటే, ఏం, ఒంట్లో బాగోదా అంటాడు. నేను ఇంటర్ తప్పాను. నా కూతురు అసలు బడికే ఎళ్లలేదని రేపు నలుగురూ అంటే, అది ఎవరికి చెప్పుకోవాలి?”

“మీరు కంగారు పడకండి. నేను వచ్చానుగా,” అన్నాను.

ఇక మోక్షిత. పదేళ్ల పిల్ల, సన్నగా ఉంటుంది. పుల్లలాంటి వేళ్లు. మొదటిరోజు ఏం వచ్చో చూద్దామని అడిగాను. పురుగుమందు డబ్బా మీద అచ్చువేసిన కాగితం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ గడగడా చదివింది. ఆ డబ్బా మీద ఉండే రంగుల్లో ఏది ఎక్కువ విషమో వరసగా చెప్పింది. కల్లంలో ఆరబోసిన పండు మిరపకాయల్లోంచి ఒక బుట్ట విడిగా పెట్టి, రోజూ తూచి, ఎన్ని కిలోలు తగ్గిందో కాగితం మీద గీత గీసింది. గీత దిగుతూ దిగుతూ ఒకచోట అడ్డంగా సాగింది. అక్కడితో కాయ ఆరినట్టు అని నాకు చూపించింది.

నేను ఐదో తరగతికి ఎప్పుడూ గ్రాఫు చెప్పలేదు. ఇది సిలబస్‌లో లేదు, పక్కన పెట్టమన్నాను.

తర్వాత పాత ప్రశ్నపత్రం తీసి అసలు పని మొదలుపెట్టాను. నలుగురు కూలీలు ఒక చేను మిరపకాయలను ఆరు రోజుల్లో కోస్తే, ఎనిమిది మంది ఎన్ని రోజుల్లో కోస్తారు? జవాబులు: రెండు, మూడు, నాలుగు, పన్నెండు.

“ఎవరెవరు టీచర్, ఆ ఎనిమిది మంది?”

“ఎవరైతే ఏం?”

“మా చేలో నలుగురొస్తే గబగబా కోస్తారు. ఎనిమిది మందైతే కబుర్లు ఎక్కువ. మూడున్నర రోజులు పడుతుంది.”

“మూడున్నర ఇక్కడ లేదు.”

“లేకపోతే ఎలా టీచర్?”

“ఉన్నవాటిలో సరైనది పట్టుకోవాలి.”

“సరైనది లేదు కదా.”

మొదటి గంట పూర్తయ్యేసరికి తొమ్మిదో ప్రశ్న దగ్గర ఉన్నాం. ఏ ప్రశ్న ఇచ్చినా అంతే. నాలుగు జవాబులనీ ఒక్కొక్కటే చేతుల్లోకి తీసుకుని, ఇది ఎప్పుడు నిజమవుతుంది, అది ఎప్పుడు నిజమవుతుంది అని ఆలోచిస్తూ కూర్చునేది. గంటకి అరవై రాయాల్సిన పరీక్షకి ఈ పిల్ల అరవై గంటలు అడిగేలా ఉంది. నాలుగో రోజు నాకు కోపం వచ్చి కేకలేశాను. బడిలో నేను అరిస్తే పిల్లలు ఏడ్చేవాళ్లు, మర్నాటికి మామూలుగా ఉండేవాళ్లు. మోక్షిత ఏడవలేదు. మాట్లాడటం మానేసింది. అడిగితే తల కూడా ఊపదు. అలా రెండు రోజులు.

ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు పిల్ల గదిలో లేదు. కల్లంలో ఉందంటే అక్కడికే వెళ్లాను. పట్టాల మీద ఎర్రగా ఎండుకాయలు పోసి ఉన్నాయి. పది మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. రంగు వెలిసి తెల్లబడిన కాయలు, మచ్చ పడ్డ కాయలు, అవే తాలు. అవి కలిస్తే సరుకుకి రేటు పడిపోతుంది. వాళ్ల మధ్య మోక్షిత కూర్చుని ఉంది. దాని వేళ్లు కనపడటం లేదు, తాలు కాయలు మాత్రం పక్కనున్న గంపలో పడుతున్నాయి. పెద్దవాళ్లకన్నా ముందుంది.

“మా మనవరాలికి చెయ్యి తిరిగింది,” అంది నాగేంద్రబాబు గారి తల్లి వెంకటేశ్వరమ్మ గారు.

“అంత తొందరగా మంచి కాయ ఏదో ఎలా తెలుస్తుందండీ?” అని అడిగాను.

ఆవిడ నన్ను జాలిగా చూసింది. “మంచికాయని ఎవరు ఎతుకుతారమ్మా? దాన్ని ముట్టుకోం. తాలు కనపడితే తీసి అవతల పారేత్తాం. కుప్పలో ఉండిపోయిందంతా మంచిదే.”

నేను అక్కడే ఒక బస్తా మీద కూర్చుండిపోయాను. ముప్పై నాలుగేళ్లలో నాకు రాని ఆలోచన అప్పుడు వచ్చింది. ప్రశ్నపత్రం తెప్పించి మోక్షిత ముందు పెట్టాను.

“ఇందులో సరైన జవాబు వెతకొద్దు. ముట్టుకోవద్దు. ఈ నాలుగిట్లో తాలు ఏవో చూడు. వాటిని కొట్టేసి పక్క కుప్పకి వెళ్లిపో.”

రెండు రోజుల తర్వాత ఆ పిల్ల మొదటిసారి నోరు తెరిచింది. “అంతేనా టీచర్?” అంది.

అంతే. పెన్సిలుతో మూడింటి మీద ఇంటూ మార్కులు పెట్టడం, నాలుగోదాన్ని వదిలేయడం. ఆ రోజు అరవై ప్రశ్నలూ యాభై నిమిషాల్లో చేసింది. వారం తిరిగేసరికి నలభై నిమిషాలు. వదిలేసినవాటిని నేను చూసుకుంటూ పక్కన టిక్కు పెట్టేదాన్ని. యాభై రెండు, యాభై నాలుగు, యాభై ఆరు. ఒంగోల్లో ఉన్న మా చెల్లెలికి ఫోను చేసి నేనొక కొత్త పద్ధతి కనిపెట్టానని చెప్పాను. వెంకటేశ్వరమ్మ గారి పేరు ఎత్తలేదు.

మార్చి రెండో వారంలో భవ్య భయపడుతూ అడిగింది. “టీచర్‌గారూ, అక్కడ ఓఎంఆర్ షీటు ఇస్తారంట కదండీ. ఒకటి ప్రింటు తీయించి తెస్తాను. పాపకి ఒకసారి చూపిద్దామా?”

“బబుల్స్ దిద్దడం కూడా నేర్పాలా? అది ఒకటో తరగతి పని,” అన్నాను.

ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

పరీక్ష ఆదివారం పొద్దున. నాకు బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి జ్వరమొస్తే తప్ప ఆదివారం ప్రార్థన మానలేదు. ఆరోజు మానాను. బ్రాంచి ముందు షామియానా వేసి, తల్లిదండ్రులకి మంచినీళ్ల సీసాలూ రంగుల కాగితాలూ పంచారు. లోపల మైకులో ఎవరో ఇంగ్లీషులో సూచనలు చదివారు. రైలు స్టేషన్లో చదివే వేగం. బయట ఉన్న మా ఎవ్వరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

గంట తర్వాత మోక్షిత బయటికి వచ్చింది. వాంతి చేసుకోలేదు. ముఖం తేటగా ఉంది. కుడిచేతి వేళ్లు మాత్రం నల్లగా ఉన్నాయి.

“ఎలా రాశావమ్మా?” అన్నాను.

“అన్నీ ఏరేశాను టీచర్. మధ్యలో పెన్ను అయిపోతే సారుని అడిగి ఇంకోటి తీసుకున్నా.”

శభాష్ అన్నాను. అరవై బబుల్స్‌కి పెన్ను ఎలా అయిపోతుందని ఆలోచించలేదు. నాగేంద్రబాబు గారు అందరికీ చెరుకురసం ఇప్పించాడు.

గురువారం మధ్యాహ్నం ఆయన ఫోనుకి మెసేజి వచ్చింది. నేను వెళ్లేసరికి ఆయన కల్లం దగ్గర నిలబడి ఉన్నాడు. ఫోను నా చేతికిచ్చాడు. అరవైకి సున్నా. నాలుగు వందల పన్నెండు మందిలో నాలుగు వందల పన్నెండో ర్యాంకు. కింద ఇంకో ముక్క కూడా ఉంది. మీ పాపకి గుంటూరు హాస్టల్లో ప్రత్యేక పునాది కోర్సు అవసరం, వెంటనే సంప్రదించండి.

“జూన్‌లో చేర్చేద్దాం,” అన్నాడు నాగేంద్రబాబు గారు. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు. “నలభైకి రెండు తగ్గితే నేనే ఒప్పుకునేవాణ్ని మేడమ్. సున్నా అంటే ఇంకేం చెప్పను? రెండేళ్లు పోయినయ్యి.”

భవ్య గుమ్మంలో నిలబడింది. ఆవిడ ఏడ్చినా బాగుండేదనిపించింది.

“ఏరా, కళ్లు మూసుకుని గీకినా పదో పదిహేనో తగులుతాయి కదరా?” అంది వెంకటేశ్వరమ్మ గారు. “ఒక్కటీ తగలకపోవటమేంటి?”

ఆవిడ బడి మొహం చూడలేదు. ముప్పై నాలుగేళ్లు పేపర్లు దిద్దిన నాకు రావలసిన అనుమానం ఆవిడకి వచ్చింది. నేను సున్నా వేసినవన్నీ ఖాళీ కాగితాలే. ఈ పిల్ల ఖాళీ కాగితం ఇవ్వలేదు, పెన్ను అయ్యేదాకా రాసింది.

“ఎలా రాశావే?” అని అడిగాను మోక్షితను.

“మీరు చెప్పినట్టే టీచర్.”

ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సింది. అడగలేదు. అడిగితే ఏం బయటపడుతుందోనని లోపల ఎక్కడో భయం పట్టుకుంది. రేపు వెళ్లి పేపరు చూద్దాం అన్నాను.

శుక్రవారం నలుగురం ఆటోలో సత్తెనపల్లి వెళ్లాం. ప్రవేశాల ఇన్‌ఛార్జి గదిలో టై కట్టుకుని కూర్చున్నవాడు నతానియేలు. నా దగ్గర ఐదో తరగతి రెండుసార్లు చదివాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

“కూర్చోరా,” అన్నాను. కూర్చున్నాడు.

కంప్యూటర్లో వెతికి షీటు ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు. కాగితం ముప్పావు వంతు నల్లగా ఉంది. “చూడండి టీచర్‌గారూ. ఒక్క ప్రశ్నకి ఒక్క బబులే దిద్దాలి. ఈ పాప ప్రతిదానికీ మూడేసి దిద్దేసింది. మెషీను తీసుకోదు, అన్నీ కొట్టేసింది. అసలు ఏం అడుగుతున్నారో కూడా పాపకి తెలియలేదు.”

నాకు తెలిసిపోయింది. కాగితం వంక చూసిన క్షణంలోనే తెలిసిపోయింది. తాలు కొట్టేసింది. మంచిదాన్ని ముట్టుకోలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది.

నతానియేలు భవ్య వైపు తిరిగాడు. “ఇళ్లల్లో తల్లులు చెప్తే ఇంతేనమ్మా. మీరు ఏదో ప్రేమతో చేస్తారు గానీ దీనికో పద్ధతి ఉంటది. ట్రైనింగ్ అయినవాళ్లు చెప్పాలి.”

భవ్య తల దించుకుంది. నాగేంద్రబాబు గారు భార్య వంక చూసి, చూపు తిప్పుకున్నాడు. నేను నోరు మూసుకుని కూర్చుంటే సరిపోతుంది. ఎవరూ నన్ను అడగడం లేదు. ట్రైనింగ్ అయినదాన్ని నేనొక్కదాన్నే అక్కడ ఉన్నాను. ఒక నిమిషం అలాగే కూర్చున్నాను. ఆ నిమిషం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

“ఆవిడ నేర్పింది కాదురా,” అన్నాను. “నేను నేర్పాను. తప్పు నాది.”

“మీరా టీచర్‌గారూ?”

“నేనే. షీటు చూపిద్దామని ఆవిడ అడిగితే అక్కర్లేదన్నది కూడా నేనే.”

తప్పు నాదన్న మాట ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి నేను ఎవరితోనూ అనలేదు. అన్నాక ఆకాశం ఊడిపడలేదు. కల్లం సంగతి, పెన్సిలు ఇంటూలు, అన్నీ చెప్పాను. నతానియేలుకి సగం అర్థమైంది. నాగేంద్రబాబు గారికి నేను సగంలో ఉండగానే అర్థమైపోయింది. కాగితం తన దగ్గరికి లాక్కుని, కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు.

“తాలు ఏరిందండీ ఇది,” అన్నాడు. “ఏదీ, మీ జవాబుల కాయితం తియ్యండి. నేను చదువుతా, మీరు చూసుకోండి. ఒకటికి సీ. రెండుకి ఏ. మూడుకి డీ.”

నల్లవాటిని వదిలి తెల్లవాటిని చదువుతూ పోయాడు. కాయ నాణ్యం చూసేటప్పుడు ఎంత శ్రద్ధగా ఉంటాడో అంత శ్రద్ధగా చదివాడు. నతానియేలు ఊఁ, ఊఁ అంటూ టిక్కులు పెట్టాడు. ముప్పై దాటాక ఊఁ అనడం మానేసి కుర్చీలో ముందుకి జరిగాడు. నలభై ఏడో ప్రశ్న దగ్గర నాగేంద్రబాబు గారు ఆగిపోయాడు.

“దీనికి నాలుగూ దిద్దేసిందే!”

నతానియేలు ప్రశ్న చదివాడు. పన్నెండు మంది కూలీలు పది రోజుల్లో చేసే పనిని ఇరవై నాలుగు మంది ఎన్ని రోజుల్లో చేస్తారు?

“అందులో అన్నీ తాలే నాన్నా,” అంది మోక్షిత.

మొత్తం లెక్క తేలేసరికి పావుగంట పట్టింది. యాభై ఏడు. నతానియేలు రెండోసారి లెక్కపెట్టాడు. యాభై ఏడే. మొన్నటి పరీక్షలో అందరికన్నా ఎక్కువ వచ్చిన పిల్లాడికి యాభై మూడు.

భవ్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈసారి నాకు విసుగు రాలేదు.

“సార్, ఇది నేను గుంటూరుతో మాట్లాడతాను,” అన్నాడు నతానియేలు లేచి నిలబడి. గొంతు మారిపోయింది. “మెషీను సంగతి వదిలెయ్యండి, చేత్తో దిద్దిస్తాను. టాప్ ర్యాంకు సార్. ఫ్రీ సీటు. హాస్టలు ఫ్రీ, భోజనం ఫ్రీ, పుస్తకాలు ఫ్రీ. పదో తరగతి దాకా మీరు మళ్లీ ఇటు చూడక్కర్లేదు. ఇంత తెలివైన పిల్లని ఇంట్లో కూర్చోబెడితే పాపం సార్. జూన్ పన్నెండున తీసుకొచ్చెయ్యండి. ఇప్పుడే ఒక ఫొటో తీసుకుందాం, ఫ్లెక్సీకి.” ఒక కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు.

నాగేంద్రబాబు గారు ఆ కాగితం మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాడు. ఆశ పడుతున్నాడని తెలుస్తూనే ఉంది. ఆయన్ని ఏమనను? నాకూ ఆశ పుట్టింది. నా చేతి కింద చదివిన ఒక్క పిల్లకీ ఎక్కడా ఫ్రీ సీటు రాలేదు. ఫ్లెక్సీ మీద మోక్షిత ఫొటో కింద చిన్న అక్షరాల్లో నా పేరు కూడా వేయించమని అడగొచ్చా అని ఆలోచించాను. నిజం చెబుతున్నాను, ఆలోచించాను.

“ఎళ్తావా అమ్మా?” అని అడిగాడాయన కూతుర్ని.

మోక్షిత పలకలేదు. అప్పటిదాకా తండ్రి భుజం మీదికి వంగి, అది డీ కాదు నాన్నా, బీ అని దిద్దుతున్న పిల్ల, పెదాలు బిగించి నేల వంక చూస్తూ ఉండిపోయింది. తల కూడా ఊపలేదు. ఆ మౌనం నేను రెండు రోజులు చూశాను. వాళ్లు ఏడాది చూశారు.

ఆయన కూతురి వంక చూశాడు. తర్వాత కాగితం మడిచి, నతానియేలు వైపు తిరిగాడు.

“నిన్న సున్నా అన్నారు. సున్నా కాబట్టి హాస్టల్లో ఎయ్యమన్నారు.”

“అవును సార్, అది మెషీను...”

“ఇయ్యాళ యాభై ఏడన్నారు. యాభై ఏడు కాబట్టి హాస్టల్లో ఎయ్యమంటున్నారు.”

“అవును సార్.”

“ఎన్నొస్తే పిల్ల ఇంటికొచ్చుద్దండీ?”

ఆయన ఎగతాళికి అడగలేదు. యార్డులో రేటు అడిగినట్టు, తెలుసుకోవడానికే అడిగాడు. నతానియేలు నా వైపు చూశాడు. ఐదో తరగతిలో జవాబు రానప్పుడు కూడా వాడు నా వైపు ఇలాగే చూసేవాడు, నేను అందించేదాన్ని. ఈసారి నేనూ వెతుక్కున్నాను. అన్ని వేల పేపర్లు దిద్దాను. ఇన్ని మార్కులొస్తే పిల్లను తల్లి దగ్గర ఉండనివ్వొచ్చని ఎక్కడా రాయలేదు.

“అట్లా ఉండదు సార్,” అన్నాడు నతానియేలు చివరికి. “ఎన్నొచ్చినా దానికి తగ్గ కోర్సు మా దగ్గర ఉంటది.”

వాడు అబద్ధం చెప్పలేదు.

“అయితే పరీక్ష దేనికండీ?” అన్నాడు నాగేంద్రబాబు గారు. కాగితం బల్ల మీద పెట్టి లేచాడు. “నేను నలభై అన్నాను. దాటింది. అన్నాక అన్నట్టే. పద తల్లీ, ఇంటికెళ్దాం.”

మోక్షిత వెంటనే లేవలేదు. నిజమేనా అన్నట్టు తల్లి వంక చూసింది. భవ్య తల ఊపాక లేచి, తండ్రి చొక్కా అంచు పట్టుకుంది. గుమ్మం దాటేదాకా వదల్లేదు.

ఆటో దగ్గర భవ్య నా పక్కకి వచ్చింది.

“సోమవారం రండి టీచర్‌గారూ,” అంది. “చెప్పడానికి కాదండీ. మేము ఎలా చదువుకుంటామో పక్కన కూర్చుని చూడటానికి.”

చాలా మర్యాదగా అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ముప్పై నాలుగేళ్ల సర్వీసు ఉన్న మనిషిని, అని మొదలుపెట్టాను కూడా. ఈలోపు ఆటో కదులుతోందని నాగేంద్రబాబు గారు కేకేశాడు, మాట పూర్తి కాలేదు.

సోమవారం తొమ్మిదింటికల్లా వెళ్లాను. తల్లీకూతుళ్లు చాప మీద కూర్చుని ఏదో గీస్తున్నారు. నాకు కుర్చీ వేశారు. కాసేపు అందులోనే కూర్చున్నాను. అంత ఎత్తు నుంచి నోట్సు కనపడటం లేదు. చాప మీదికి దిగాను.